చర్చికి వ్రాసిన వీలునామాలు: దాత తలపు, చట్టపు నడక

తెలుగు దేశపు ప్రాచీన శాసనములను చదివినవారికి ఒక విషయము తప్పక కనబడును. దాత రాజు కానిండు, వర్తకుడు కానిండు, ఊరిపెద్ద కానిండు, గుడికి భూమినో, అఖండదీపమునకు గొఱ్ఱెలనో సమర్పించినప్పుడు ఆ ధర్మము ఆచంద్రార్కము నిలువవలెనని ఱాతిమీద చెక్కించెడివాడు. అంతటితో తృప్తి నొందక, తానిచ్చుటకంటె పరులిచ్చినదానిని కాపాడుట రెండింతలు పుణ్యమనియు, దానిని హరించినవానికి నీచజన్మ తప్పదనియు శాసనము తుదిని చేర్పించెడివాడు. ఇచ్చునప్పటి సంతోషముతోపాటు, తాను పోయిన పిమ్మట ఆ దానమునకు దిక్కెవ్వరను భయము కూడ దాత మనస్సున నుండెడిదని ఈ మాటలవలన తెలియుచున్నది.

ఈ భయము ఒక్క గుడికే చెందినది కాదు. మసీదుకు వక్ఫు చేసినవానికిని, చర్చికి ఇల్లు వ్రాసినవానికిని ఇదే భయము. ప్రస్తుత వ్యాసమున చర్చికి మరణశాసనముల ద్వారా చేరిన దానములను గూర్చి కొంత చరిత్ర చెప్ప దలచినాము. మేము రిజిస్ట్రేషను శాఖలో గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కావున పండితులకు క్రొత్త విషయము చెప్పగల శక్తి మాకు లేదు. కాగితముల నడుమ గడచిన జీవితమున మాకు బోధపడినదానిని, తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న మనవారికి ఉపయోగపడునేమోయను ఆశతో విన్నవించుచున్నాము.

దానపత్రము, వీలునామా

ఆస్తిని ధర్మమునకిచ్చుటకు దారులు రెండు. మొదటిది దానపత్రము. దీనివలన ఆస్తి దాత బ్రతికియుండగనే చేయిమారును. స్థిరాస్తి యైనచో పత్రమును రిజిస్టరు చేయించుట తప్పదు. ఒకసారి ఇచ్చిన పిదప సాధారణముగా వెనుకకు తీసికొన వీలులేదు. రెండవది వీలునామా. దీనినే మరణశాసనమందురు. ఇది వ్రాసినవాని మరణానంతరమే ఫలించును. బ్రతికియున్నంతకాలము దానిని మార్చవచ్చును, చింపివేయవచ్చును, మరియొకటి వ్రాయవచ్చును. ఇల్లు తప్ప వేరాధారము లేని వృద్ధునకు ఈ రెండవ దారియే తగినది. తన నీడ తనకుండును. తదనంతరము ఆ నీడ దేవుని పనికి చేరును.

ఐతే ఇందులోనే చిక్కు కలదు. దానపత్రము వ్రాసినవాడు దాని ఫలమును కన్నులార చూచుకొనును. వీలునామా వ్రాసినవాడు చూడజాలడు. సందేహము వచ్చినచో అడుగుటకు అతడుండడు. అతని మాటకు అర్థము చెప్పువారు సాక్షులు, బంధువులు, ప్లీడర్లు, న్యాయాధిపతులు. ఈ కారణముచేతనే వీలునామా ధర్మముల చరిత్ర సగము దాతల చరిత్రయు, సగము న్యాయస్థానముల చరిత్రయు అగుచున్నది.

చెన్నపట్టణపు తొలి దాతలు

మనవారు తరతరములుగా స్థిరపడిన చెన్నపట్టణమునుండియే ప్రారంభింతము. 18వ శతాబ్దమున అచ్చట కోజా పెట్రస్ ఉస్కాన్ అను ఆర్మేనియను వర్తకుడుండెను. ఈయన కథోలిక మతస్థుడు. 1726లో సైదాపేటయొద్ద అడయారు నదిపై తన ధనముతో వంతెన కట్టించెను. పరంగికొండమీది చర్చికి ఎక్కు యాత్రికుల కొరకు మెట్లు కట్టించెను. ఇవి యన్నియు జీవితకాలమునందు చేసిన పనులు. ఆయన దూరదృష్టి మరియొకచోట కనబడును. 1751లో మరణించుటకు పూర్వము ఆ వంతెనకును మెట్లకును కాలాంతరమున మరమ్మతులు జరుగవలెనని వీలునామాలో ధనము కేటాయించెను. కట్టించుట ఒక యెత్తు, నిలుపుట ఒక యెత్తు అని ఎఱిగిన మనుష్యుడు. ఆ పాతవంతెన స్థానమున 1966లో క్రొత్త వంతెన వెలసినను, ఉస్కాన్ నాటించిన శిలాఫలకములు మాత్రము నేటికిని నిలిచియున్నవి.

ఆయన వేపేరిలో కట్టించిన చర్చి గతి వేఱుగా నుండెను. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనుటయు, 1749లో అది మరల ఆంగ్లేయుల వశమగుటయు జరిగినవి. తరువాత కంపెనీవారికి కథోలికులపై అనుమానము హెచ్చెను. ఉస్కాన్ చనిపోయిన మరుసటి యేడే, అనగా 1752లో, ఆ చర్చి ప్రొటెస్టెంటు మిషనరీల కప్పగింపబడెను. ఒక శాఖవారికై కట్టించినది మరియొక శాఖవారి చేతికి పోయెను. రాజ్యపు గాలి మారినచో దాత మనోరథము ఎంత తేలికగా కొట్టుకొనిపోవునో దీనివలన తెలియును.

ఆ వేపేరి మిషనుకు తెలుగుతో గల సంబంధము మనవారు మఱువరానిది. దాని మూలపురుషుడైన బెంజమిన్ షుల్జ్ అను జర్మను పాదిరి 1726లో చెన్నపట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చి, బైబిలును తెలుగున అనువదించినవాడు. ఆ అనువాదము అచ్చుకాకపోయినను, చెన్నపట్టణమందలి తెలుగువారి కొరకు జరిగిన తొలి ప్రయత్నములలో అది ఒకటి.

షుల్జ్ తరువాత అచ్చటికి వచ్చిన ఫాబ్రిషియస్ అను పాదిరి తమిళ భాషకు గొప్ప సేవ చేసిన పండితుడు. సొంతమునకు ఏమియు కోరని సాధువు. ఐనను మిషను ధనమును, తన్ను నమ్మి ఇతరులు దాచుకొన్న ధనమును వడ్డీలకు తిప్పగా, తీసికొన్నవారు ఎగవేసిరి. ఆయన ఋణములపాలై, వృద్ధాప్యమున చెరసాల ననుభవించి, 1791లో మరణించెను. ఆయన దొంగ యని పలికినవారు లేరు. లెక్కలన్నియు ఒక్క చేతిలో నుండుటయే అచ్చటి దోషము. ధర్మధనమునకు సత్పురుషుడు మాత్రము చాలడు. అతని ప్రక్కన లెక్క అడుగువాడు కూడ ఉండవలెను.

దీనికి ప్రతిగా తంజావూరి ష్వార్ట్జ్ పాదిరి నుదాహరింపవచ్చును. నాయకరాజుల కాలమునుండి తెలుగువారు స్థిరపడిన నగరము తంజావూరు. అచ్చట శరభోజి మహారాజునకు బాల్యమున సంరక్షకుడుగా నుండిన ష్వార్ట్జ్ అవివాహితుడు. మితముగా జీవించి మిగిల్చినవాడు. 1798 ఫిబ్రవరి 13న ఆయన మరణించినప్పుడు, ఆయన ఆస్తి వీలునామా ప్రకారము మిషనుకు చెందెను. ఫాబ్రిషియస్ అనంతరము వేపేరి మిషనును చక్కబెట్టిన గెరికె పాదిరియు 1803లో మరణించునప్పుడు తన సొత్తును ఆ మిషనుకే వ్రాసెను. ముందటివాని కాలమున చిక్కుపడిన మిషను తరువాతివారి వీలునామాలచే కొంత తేఱుకొనెను.

ఈ సందర్భమున హిందువుల వీలునామా నొకదానిని కూడ స్మరింపక తప్పదు. పచ్చయప్ప మొదలియారు 1794లో మరణించుటకు ముందు తన ధనమును దేవాలయములకును ధర్మములకును వ్రాసెను. తరువాత దశాబ్దములకొలది వ్యాజ్యములు. కడకు న్యాయస్థానపు ఆజ్ఞలచేతను, అడ్వకేటు జనరలు జార్జి నార్టను మున్నగువారి పూనికచేతను ఆ ధనము కాపాడబడి, పెరిగిన మిగులుతో 1842లో పాఠశాల వెలసినది. అదియే నేటి పచ్చయప్ప కళాశాలకు మూలము. దాత కన్నుమూసిన 48 సంవత్సరములకు ఆ ఫలము కనబడెను. దానము గొప్పదే, దానిని నడుపుటకు నియమించిన ఏర్పాటు బలహీనము.

బళ్లారి వ్యాజ్యము

వీలునామా వ్రాసిన చిక్కులు చూచినాము. వ్రాయకపోయినచో ఏమగునో చూచుటకు చెన్నపట్టణము విడిచి బళ్లారికి పోవలెను. తెలుగును కన్నడమును కలిసిమెలిసి వినబడు ఆ పట్టణములో 1810లోనే లండను మిషను వెలసెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరున చేరినను, అచ్చటి తెలుగువారు తెలుగువారుగనే యున్నారు.

ఆ బళ్లారిలో మాథ్యూ అబ్రహాము అను స్వదేశ క్రైస్తవుడు వర్తకము, సారాయి కంట్రాక్టులు చేసి విశేషముగా ధనమార్జించెను. 1842లో వీలునామా లేకయే మరణించెను. ఆస్తి యెవరిది? భార్య షార్లెట్టు తనదియు తన కుమారులదియు అనెను. తమ్ముడు ఫ్రాన్సిసు, తాము హిందువుల రీతిని అవిభక్త సోదరులమనియు, తనకును భాగము కలదనియు వాదించెను. బళ్లారి కోర్టు వితంతువు పక్షము, చెన్నపట్టణపు సదరు అదాలతు తమ్ముని పక్షము తీర్పు చెప్పెను. వ్యాజ్యము సముద్రము దాటి ప్రివీ కౌన్సిలు వఱకు పోయినది. 1863లో ప్రివీ కౌన్సిలు, మతము మారినవానికి హిందూ న్యాయము తనంతట తాను తగులుకొనియుండదనియు, అతడు ఏ రీతి జీవనమును అవలంబించెనో చూచి నిర్ణయింపవలెననియు చెప్పి, క్రింది కోర్టు త్రోవనే పట్టెను.

మనిషి పోయినది 1842లో. తగవు తీరినది 1863లో. నడుమ 21 సంవత్సరములు. ఆ కుటుంబము కోర్టుల పాలు చేసిన ధనమునకు ఒక్క కాగితము అడ్డుపడియుండును. ఆ తీర్పు వచ్చిన రెండేండ్లకు, 1865లో, భారత వారసత్వ చట్టము వెలువడి స్వదేశ క్రైస్తవులకు నిలుకడయైన వారసత్వ నియమము లభించెను. దాని స్థానమున 1925లో వచ్చిన చట్టమే నేటికిని నడచుచున్నది. ఈ చట్టము ప్రకారము వీలునామా వ్రాయక చనిపోయిన క్రైస్తవునకు భార్యయు సంతానమును ఉన్నచో, భార్యకు మూడవవంతు, సంతానమునకు మిగిలిన రెండు వంతులు. చర్చికి ఏమియు రాదు. "మా ఇల్లు దేవుని కిచ్చెదము" అని నలుగురిలో వందసార్లు పలికినను, కాగితముమీద లేనిదే ఆ పలుకు చట్టమునకు వినబడదు.

పన్నెండు నెలల నియమము

1865 నాటి ఆ చట్టములోనే ఒక ముల్లు దాగియుండెను. దాని పుట్టుక ఇంగ్లండులో. మరణశయ్యపై భయకంపితుడైయున్న మనుష్యునిచేత మతగురువులు భూములు వ్రాయించుకొందురనియు, కుటుంబములు వీధిని పడుననియు ఆ దేశమున చాలకాలమునుండి ఆందోళన యుండెను. 1736లో అచ్చటి పార్లమెంటు ఒక చట్టము చేసెను. ధర్మమునకు భూమి నిచ్చువాడు మరణమునకు కనీసము 12 నెలలు ముందుగా పత్రము వ్రాయవలెను. ఆరు నెలలలో దానిని న్యాయస్థానపు దాఖలాలకు ఎక్కింపవలెను.

ఈ తలపే కొంత రూపు మార్చుకొని ఇండియాకు వచ్చెను. 1865 చట్టములో 105వ సెక్షనుగను, 1925 చట్టములో 118వ సెక్షనుగను నిలిచెను. దాని సారాంశమిది. మేనల్లుడో, మేనకోడలో, అన్నదమ్ముల బిడ్డలో, అంతకంటె దగ్గఱి రక్తబంధువో ఉన్నవాడు మతకార్యమునకుగాని ధర్మకార్యమునకుగాని ఏ ఆస్తియు వీలునామాచే ఇయ్యజాలడు. ఇయ్యవలెనన్న, మరణమునకు కనీసము 12 నెలలు ముందుగా వీలునామా వ్రాసియుండవలెను; వ్రాసిన ఆరు నెలలలోగా దానిని చట్టము చూపిన భద్రస్థానమున దాచియుంచవలెను. రెండింటిలో ఏది తప్పినను దానము చెల్లదు.

ఆ సెక్షను క్రింద ఇచ్చిన ఉదాహరణముల పట్టిక చూచినచో ఎవరికైనను ఆశ్చర్యము కలుగును. బీదలకు సాయము, ఆసుపత్రి నిర్మాణము, అనాథల విద్య, పాఠశాల, వంతెన మరమ్మతు, బాటలు, చర్చి నిర్మాణము, చర్చి మరమ్మతు, తోటల పోషణ — ఇవన్నియు చెల్లని దానములేనని అందు వ్రాయబడియున్నది. వంతెనకు, చర్చిమెట్లకు ధనము వ్రాసిన ఉస్కాన్ వంటివాడు ఆ చట్టము వచ్చిన పిదప పుట్టి, వీలునామా వ్రాసిన పదవ నెలలో చనిపోయినచో, ఆ రెండు ధర్మములును గాలికి పోయెడివే.

ఈ నియమము హిందువులకు తగులలేదు. హిందువు కొన యూపిరితో నున్నప్పుడును గుడికి వ్రాయవచ్చును. ముస్లిముల న్యాయము వేఱు. వారికి వారసుల సమ్మతి లేనిదే ఆస్తిలో మూడవవంతుకు మించి వీలునామాచే ఇయ్యరాదను కట్టు కలదు. పార్శీలకు ఈ సెక్షను 1991లో తొలగింపబడెను. కడకు క్రైస్తవులమీదనే ఆ భారము మిగిలెను. ఇంగ్లండువారు సైతము 1891లో దానిని సడలించి, 1960లో పూర్తిగా కొట్టివేసిరి. పుట్టింట చచ్చిన చట్టము అత్తింట మఱి 43 ఏండ్లు బ్రతికెను.

దీనివలన కలిగిన కష్టమును ఒక దృష్టాంతముగా చెప్పెదము. సంతానము లేని ఒక వితంతువు చిన్న యిల్లు కలిగియున్నదనుకొందము. ఆమెను చూచువారు చర్చి ఇరుగుపొరుగువారే. దూరదేశమున అన్నకొడుకొకడున్నాడు, ఇరువదేండ్లుగా ఉత్తరమైనను వ్రాయలేదు. ఆమె ఆరోగ్యముగా నుండగనే, ఎవరి బలవంతము లేకయే, ఇంటిని చర్చికి వ్రాసినది. పదునొకండవ నెలలో బండి తగిలి చనిపోయినది. మరణశయ్యలేదు, గురువు ఒత్తిడిలేదు. ఐనను దానము చెల్లదు. ఇల్లు ఆ అన్నకొడుకునకే పోవును. చట్టము భయపడినది ఒకదానికి, కొట్టినది మరియొకదానిని.

పైగా బలవంతముచేతను, మోసముచేతను, ఎడతెగని ఒత్తిడిచేతను వ్రాయించిన వీలునామా చెల్లదని అదే చట్టపు 61వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. ఇది అందఱకును సమానము. ఈ కట్టు ఉండగా పన్నెండు నెలల కంచె వేఱుగా ఎందుకు?

2003 నాటి తీర్పు

ఈ ప్రశ్ననే కేరళకు చెందిన జాన్ వల్లమట్టమ్ అను కథోలిక గురువు 1997లో సుప్రీము కోర్టు ముందుంచెను. ప్రధాన న్యాయమూర్తి వి. ఎన్. ఖరే, న్యాయమూర్తులు ఎస్. బి. సిన్హా, ఎ. ఆర్. లక్ష్మణన్ గారలు విచారించి, 2003 జూలై 21న 118వ సెక్షనును కొట్టివేసిరి. మతస్వాతంత్ర్యమునకు భంగము కలిగినదను వాదమును వారంగీకరింపలేదు. రాజ్యాంగపు 14వ అధికరణము చెప్పు సమానత్వమునకు ఆ సెక్షను విరుద్ధమనిరి. ధర్మమున కిచ్చువారిలో క్రైస్తవుని మాత్రమే వేఱుచేయుటకును, వీలునామా వ్రాసిన పిదప ఎప్పుడు మరణించునో యను, ఎవరి చేతిలోను లేని విషయముపై దానపు చెల్లుబాటును నిలుపుటకును తగిన హేతువు లేదని వారి అభిప్రాయము.

నాటినుండి క్రైస్తవుడును ఇతరులవలెనే తన ఆస్తిని చర్చికి వ్రాయవచ్చును. పన్నెండు నెలల గడువు లేదు, ఆరు నెలల దాఖలు నిర్బంధము లేదు. ఈ సంగతి తెలియక పాతభయముతోనే వెనుదీయువారు ఇంకను ఉందురు కావున ఇంత విపులముగా వ్రాసినాము.

యానాం సంగతి

యానాంలోని మనవారికి ఒక ప్రత్యేకవిషయము కలదు. ఆ ఊరు 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండెను. న్యాయశాస్త్ర రీత్యా విలీనము 1962లో పూర్తియయ్యెను. ఫ్రెంచివారు 1819లో తమ పౌరస్మృతిని ఇచ్చటి స్థావరములలో ప్రవేశపెట్టినను, స్వదేశీయులు తమ ఆచారముల ప్రకారమే నడచుకొనవచ్చుననిరి. 1881లో వేఱొక ఉత్తరువు వచ్చెను. దాని ప్రకారము తమ ఆచారన్యాయమును విడనాడుచున్నామని వ్రాసియిచ్చినవారు ఫ్రెంచి పౌరస్మృతి క్రిందికి వచ్చిరి. వారిని "రెనోన్సాన్లు" అందురు. 1963లో భారత చట్టములను పుదుచ్చేరి ప్రాంతములకు విస్తరించినప్పుడు కూడ వీరిని వేఱుగా నుంచిరి.

ఆ పౌరస్మృతి ప్రకారము తండ్రి ఆస్తియంతయు ధర్మమునకు వ్రాయజాలడు. బిడ్డ యొక్కడున్నచో సగము, ఇద్దఱున్నచో మూడవవంతు, ముగ్గురో అంతకెక్కువయో ఉన్నచో నాల్గవవంతు మాత్రమే అతని యిష్టమునకు విడువబడును. మిగిలినది బిడ్డల హక్కు. కావున యానాం కుటుంబములవారు తమ పెద్దలు ఆ పత్రము వ్రాసినవారా, కాదా యని ముందుగా విచారించుకొని పిమ్మట వీలునామాకు పూనుకొనుట మేలు.

యానాంకు పొరుగుననే కాకినాడ జగన్నాథపురము కలదు. రంగూనుకు పోయి ధనమార్జించిన మల్లాడి సత్యలింగము నాయకరు తన ఆస్తిని ధర్మమునకు వ్రాయగా వెలసినవే అచ్చటి ఎం. ఎస్. ఎన్. ఛారిటీస్. అది చర్చిదానము కాదు. ఐనను పరదేశమున గడించినది స్వస్థలమున విద్యాలయములై నిలుచుటకు అంతకంటె దగ్గఱి యుదాహరణము వెదకనక్కరలేదు.

దాతకును, సంఘమునకును

ఇంతవఱకు చెప్పిన చరిత్రనుండి ఆచరణకు పనికివచ్చు కొన్ని మాటలు తేలుచున్నవి.

మొదటిది పేరు. "మా తెలుగు చర్చికి" అని వ్రాసిన వీలునామాలు కలవు. ఒకే పేటలో మూడు తెలుగు సంఘములున్నచో ఆ మాట యెవరిది? అంతేకాదు, ఆస్తిని పట్టుకొను చట్టబద్ధమైన సంస్థ ఒకటియు, ఆరాధన జరుపు స్థానికసంఘము ఒకటియు అయియుండును. 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణమున ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమునకు ఆస్తులను ధరించుటకై ప్రత్యేకముగా ఒక ట్రస్టు అసోసియేషను కలదు. ఇతర సంఘములలో రిజిస్టరైన సొసైటీలుండును. ఆ పూర్తిపేరు అడిగి తెలిసికొని, అదే వ్రాయవలెను.

రెండవది ఉద్దేశము. ఇది ప్రవాసాంధ్రులు విశేషముగా ఆలోచింపదగినది. బళ్లారిలోనో, బరంపురములోనో, బొంబాయిలోనో నేడు తెలుగు ఆరాధన జరుగుచున్నది. ఏబదియేండ్ల తరువాత పిల్లలు తెలుగు మఱచినచో? దాత "తెలుగు ఆరాధనకును, తెలుగు చదువునకును" అని వ్రాసినచో ఆ ధనమునకు ఒక గుఱి యుండును. "అట్టి ఆరాధన నిలిచిపోయినచో ఫలానా సంఘమునకు" అని రెండవ మాట కూడ చేర్చినచో ఆ గుఱి చెడదు. చేర్చకపోయినచో న్యాయస్థానమువారు దాత తలపునకు దగ్గఱగా నున్న మరియొక పనికి దానిని మళ్లింపవచ్చును. ఆ దగ్గఱితనము దాత మెచ్చునది కావచ్చును, కాకపోవచ్చును. తాత కష్టించి విడిచిన యిల్లు తెలుగుమాట నిలుచుటకు తోడ్పడునా, లేదా యనునది ఆ ఒక్క వాక్యముమీద ఆధారపడియుండును.

మూడవది సాక్షులు. ఇద్దఱు సాక్షులు తప్పక ఉండవలెను. వారికి గాని, వారి భార్యకు లేక భర్తకు గాని ఆ వీలునామాలో ఏమైన నిచ్చియున్నచో, క్రైస్తవుల విషయమున ఆ యిచ్చినది చెల్లదు. కావున ఫలమందువాడు సాక్షిగా నుండరాదు. సంఘగురువు సాక్షిగా నుండకుండుటయే అన్నివిధముల గౌరవము.

నాల్గవది భద్రత. వీలునామాకు రిజిస్ట్రేషను నిర్బంధము కాదు, చేయించుట మంచిది. జనులకు అంతగా తెలియని మరియొక సదుపాయము కూడ కలదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము వీలునామాను కవరులో నుంచి ముద్రవేసి జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకొనవచ్చును. దానిని 5వ నంబరు పుస్తకమున నమోదు చేసి, అగ్నికి చెక్కుచెదరని పెట్టెలో నుంతురు. దాత కోరినచో తిరిగి తీసికొనవచ్చును. అతని మరణానంతరము ఎవరైనను దరఖాస్తు చేసికొన్నచో వారి యెదుటనే కవరు తెఱచి, 3వ నంబరు పుస్తకమున నకలు వ్రాయింతురు.

మా ఉద్యోగకాలమున ఇట్టి కవర్లు తెచ్చినవారు బహు కొద్దిమంది. తెచ్చిన వృద్ధులు కొందఱు "మేము పోయినచో మీరే తెఱచెదరు కదా" అని అడిగెడివారు. కాదని చెప్పెడివారము. మనిషి పోయిన సంగతి రిజిస్ట్రారునకు తనంతట తెలియదు. చెప్పువాడొకడు కావలెను. చెప్పువాడు లేనిచో ఎంతటి దానమైనను ఆ యినుప పెట్టెలో ముద్రతోనే యుండిపోవును. కావున రసీదును, దాచిన సంగతియు నమ్మకమైన ఇద్దఱికైనను తెలియవలెను. అందొకడు తనకంటె పిన్నవయస్కుడై యుండవలెను.

ఐదవది ధర్మకర్తలు. ఒక్కనిచేతిలో పెట్టరాదని ఫాబ్రిషియస్ చరిత్ర చెప్పుచున్నది. పెక్కుమంది యున్నను లెక్క అడుగువాడు లేనిచో దశాబ్దములు గడచునని పచ్చయప్ప చరిత్ర చెప్పుచున్నది. చట్టము కొంత తోడుపడును. ధర్మసంస్థ దారితప్పినచో, దానియందు ఆసక్తిగల ఇద్దఱు కాని అంతకెక్కువమంది కాని కోర్టు అనుమతి పొంది, సివిల్ ప్రొసీజర్ కోడు 92వ సెక్షను క్రింద దావా వేయవచ్చును. మహారాష్ట్రమందలి మనవారికి 1950 నాటి పబ్లికు ట్రస్టుల చట్టము ప్రకారము చారిటీ కమిషనరు కలరు. ఆయన అనుమతి లేనిదే ట్రస్టు స్థిరాస్తి నమ్మరాదు. ఐతే కోర్టుగాని, కమిషనరుగాని తమంతట తాము వచ్చి తలుపు తట్టరు. సంఘస్థులు ఏటేట లెక్కలు చదివించుకొని వినుటయే మొదటి కాపుదల.

కడపటిది కుటుంబము. ఇంగ్లండువారి 1736 చట్టమునకు మూలమైన భయము పూర్తిగా అసత్యము కాదు. బిడ్డలను ఆకలికి విడిచి దేవునికిచ్చుట ఏ మతమును మెచ్చదు. ముందు భార్యకు నీడ, బిడ్డలకు ఆధారము, పిదప దానము. ఆ సంగతి ఇంటివారికి ముందే చెప్పి వ్రాసినచో వ్యాజ్యములు సగము పుట్టవు. చెప్పక వ్రాసినచో, తండ్రి దాతయైనను బిడ్డలకు అది మోసముగనే తోచును.

చట్టము విధించిన పాత కట్టు 2003లో తెగినది. ఇక దానమునకు అడ్డు చట్టము కాదు. మన జాగుయు, మన అశ్రద్ధయు మాత్రమే. మన సంఘములలో పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు. వారి నోట నున్న సంకల్పములు కాగితముమీదికి వచ్చునట్లు చూచుట పిన్నల పని. వచ్చినవానిని చెడకుండ నడుపుట సంఘముల పని. ఇచ్చుటకంటె ఇచ్చినదానిని కాపాడుట రెండింతలని మన పూర్వులు ఱాతిమీద వ్రాయించిరి. ఉస్కాన్ మొదలు నేటివఱకు గల చర్చిదానముల చరిత్ర యంతయు ఆ మాటకే సాక్ష్యము పలుకుచున్నది.